నగరపు సొమ్ము ఎవరి చేతికి? వర్ణవివక్షకు అప్పులిచ్చిన బ్యాంకులపై ఒక యువ కౌన్సిలర్ పోరాటం

బ్యాంకులో దాచిన సొమ్ము ఇనప్పెట్టెలో కదలకుండా పడి ఉండదన్న సంగతి లేవాదేవీలు తెలిసిన ప్రతివారికీ విదితమే. దాచుకున్నవారి చేతిలో పాసుపుస్తకం మిగులుతుంది. సొమ్ము మాత్రం అప్పు రూపంలో మరొకరి చేతికి పోతుంది. ఆ మరొకరు బావి తవ్వుకునే రైతు కావచ్చు, దుకాణం పెట్టుకునే వ్యాపారి కావచ్చు, సొంత ప్రజలపై తుపాకి ఎక్కుపెట్టిన ప్రభుత్వమూ కావచ్చు. అటువంటి ప్రభుత్వానికి తమ సొమ్ము అప్పుగా పోతున్నదని తెలిసిన తర్వాత కూడా దాచుకున్నవారు మౌనంగా ఉండవచ్చునా? ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో దక్షిణాఫ్రికా విషయమై ఈ ప్రశ్న అమెరికా, బ్రిటన్ దేశాల చర్చీలలో, విశ్వవిద్యాలయాలలో, చివరకు నగర పాలక సభలలో గట్టిగా వినిపించింది.

1984లో అమెరికాలోని బోస్టన్ నగర కౌన్సిల్‌లో ఈ ప్రశ్నకు చట్టరూపం ఇచ్చినవారు చార్లెస్ యాన్సీ అనే నల్లజాతి సభ్యుడు. అప్పటికి ఆయన వయస్సు 35 ఏళ్లు. కౌన్సిల్‌లో అడుగుపెట్టి ఏడాది కూడా నిండలేదు. మురుగు కాలువలు, వీధి దీపాలు, పాఠశాలల సంగతి చూడవలసిన ఒక వార్డు ప్రతినిధి సముద్రాల ఆవల ఉన్న ప్రభుత్వాన్ని ఏమి చేయగలడన్న సందేహం సహజమే. ఆయన చేయగలిగినదేమిటో, చేయలేనిదేమిటో గ్రహించాలంటే ముందుగా ఆ ప్రభుత్వం ఎటువంటిదో, అది ఎవరి సొమ్ముతో నిలిచిందో తెలుసుకోవాలి.

మనుషులను వేరుచేసి పాలించిన రాజ్యం

1948 ఎన్నికలలో దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. అప్పటికే అమలులో ఉన్న జాతిభేదాలను ఆ పార్టీ ఒక సమగ్ర పాలనా విధానంగా మార్చి, దానికి ‘అపార్థీడ్’ అని పేరు పెట్టింది. అక్కడి డచ్చి సంతతి తెల్లవారి భాషలో ఆ మాటకు ‘వేరుగా ఉండడం’ అని అర్థం. పుట్టిన ప్రతి వ్యక్తినీ తెల్లవారు, నల్లవారు, మిశ్రమ జాతివారు, భారతీయులు అని వర్గీకరించి, ఎవరు ఎక్కడ నివసించాలి, ఏ బడిలో చదవాలి, ఎవరిని వివాహమాడవచ్చు అన్నవన్నీ చట్టం ద్వారానే నిర్ణయించారు. జనాభాలో అత్యధికులైన నల్లవారికి కేటాయించిన భూమి దేశంలో సుమారు 13 శాతం మాత్రమే. 16 ఏళ్లు దాటిన ప్రతి నల్లజాతీయుడూ గుర్తింపు పుస్తకం ఒకటి వెంట ఉంచుకోవలసి వచ్చేది. పట్టణంలో అది చూపలేనివారిని అక్కడికక్కడే నిర్బంధించేవారు.

ఈ కథతో తెలుగువారికి సంబంధం లేకపోలేదు. 1860 నవంబరు 16న మదరాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ నాటాల్ రేవు చేరింది. అప్పటినుండి 1911 వరకు చెరకు తోటలలో ఒప్పంద కూలీలుగా సుమారు 1,52,000 మంది భారతీయులు అక్కడికి తరలించబడ్డారు. వారిలో అధిక భాగం మదరాసు నుండి ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాడు, చిత్తూరు సీమల తెలుగు కుటుంబాలు అందులో ఉన్నాయి. నేడు ఒడిశాలో కొంత, తమిళనాడులో కొంత ఉన్న ఆ పల్లెల నుండి పోయినవారి సంతతి అక్కడ భాషను, పండుగలను నిలుపుకొంటూ 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నది. 1950లో వచ్చిన నివాస ప్రాంతాల చట్టం వీరినీ వదలలేదు. డర్బన్ నగరంలోని కేటో మేనర్ వంటి చోట్ల ఇండ్లు కట్టుకొని, కూరగాయల తోటలు వేసుకొని బ్రతుకుతున్న భారతీయ కుటుంబాలను లేపి, చాట్స్‌వర్త్ వంటి కొత్త పేటలకు తరలించారు. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోవడానికి భారతీయులు చాలాకాలం అనుమతిపత్రం తీసుకోవలసి వచ్చింది.

అప్పుపై నిలిచిన ప్రభుత్వం

బంగారం, వజ్రాలు విస్తారంగా దొరికే దేశానికి విదేశీ అప్పుతో ఏమి పని అని అనిపించవచ్చు. గనులు తవ్వడానికి, విద్యుత్ కేంద్రాలు కట్టడానికి, యంత్రాలు, చమురు, ఆయుధాలు దిగుమతి చేసుకోవడానికి ఆ దేశానికి నిరంతరం విదేశీ మారకం కావలసి వచ్చేది. బ్రిటన్, అమెరికా, పశ్చిమ జర్మనీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ బ్యాంకులు దాన్ని సమకూర్చేవి.

ఈ సహాయం విలువ ఎంతటిదో 1960లో వెల్లడైంది. ఆ ఏడాది మార్చి 21న షార్ప్‌విల్ అనే పేటలో గుర్తింపు పుస్తకాల చట్టానికి నిరసనగా గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది మరణించారు. దేశం అల్లకల్లోలమైనదని భయపడిన విదేశీ మదుపరులు తమ సొమ్మును వెనక్కి లాగుకోసాగారు. ఆ గడ్డు రోజులలో అమెరికన్ బ్యాంకుల బృందం ఒకటి దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి 4 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటును కొనసాగించింది. తీర్చినకొద్దీ మళ్లీ తీసుకొనదగిన అప్పు అది. చేజ్ మాన్‌హట్టన్ వంటి పెద్ద బ్యాంకులు అందులో ఉన్నాయి. మొత్తం పెద్దది కాకపోయినా, ఈ ప్రభుత్వం కూలిపోదు, దీనికి అప్పివ్వవచ్చు అన్న నమ్మకాన్ని అది మిగిలిన లోకానికి కలిగించింది. షావుకారు ఒకరు అప్పిచ్చిన మనిషికి ఊళ్లో మరో నలుగురు అప్పిచ్చినట్లే అక్కడా జరిగింది.

ఖాతాలు మూసినవారు

బ్యాంకులపై మొదట వేలెత్తి చూపినవారు విద్యార్థులు. 1965 మార్చి 19న, షార్ప్‌విల్ కాల్పుల వార్షికోత్సవం దగ్గరపడిన వేళ, న్యూయార్క్‌లోని చేజ్ మాన్‌హట్టన్ ప్రధాన కార్యాలయం ముందు వారు బైఠాయించారు. మరుసటి ఏడాది రైల్వే కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడి, ఆ బృందంలోని బ్యాంకులలో ఉన్న ఖాతాలను మూసివేయవలసిందిగా ప్రజలకు, చర్చి సంస్థలకు పిలుపునిచ్చింది. వ్యక్తులతో పాటు మత సంస్థలు కూడా సొమ్ము తీసుకున్నాయి. 1969లో ఆ 4 కోట్ల డాలర్ల ఏర్పాటు ముగిసిపోయింది. తమకు ఇక దాని అవసరం లేదని దక్షిణాఫ్రికా చెప్పుకున్నా, ఖాతాదారుల మాట బ్యాంకు గడప దాటి లోపలికి వెళ్లగలదని ఉద్యమకారులు గ్రహించారు.

బ్రిటన్‌లో ఇదే పోరాటం బార్‌క్లేస్ బ్యాంకు చుట్టూ తిరిగింది. ఆనాడు దక్షిణాఫ్రికాలో అతి పెద్ద బ్యాంకు దాని అనుబంధ సంస్థే. చదువుల కోసం పట్టణం చేరి తొలిసారి ఖాతా తెరిచే విద్యార్థులు బార్‌క్లేస్ వద్దకు పోకుండా విద్యార్థి సంఘాలు ఏటా ప్రచారం చేశాయి. దక్షిణాఫ్రికాలోని అనుబంధ సంస్థ 1976లో అక్కడి రక్షణ శాఖ బాండ్లు కొన్నదని తెలిసినప్పుడు నిరసన మరింత పెరిగింది. బ్రిటిష్ విద్యార్థుల ఖాతాలలో బార్‌క్లేస్ వాటా 27 శాతం నుండి 1980ల మధ్యకు 15 శాతానికి పడిపోయింది. నేటి విద్యార్థి రేపటి ఉద్యోగి, ఎల్లుండి ఇంటి అప్పు తీసుకునే గృహస్థు అని బ్యాంకుకు తెలుసు. కనుక ఆ నష్టం చిన్నది కాదు.

1976 జూన్ 16న సొవెటోలో బడిపిల్లలపై కాల్పులు, 1977 సెప్టెంబరులో పోలీసు నిర్బంధంలో స్టీవ్ బీకో మరణం లోకాన్ని కలచివేశాయి. అంతవరకు వ్యక్తులకు, చర్చీలకు పరిమితమైన ఉద్యమం అటుతర్వాత స్థానిక ప్రభుత్వాల మెట్లెక్కింది. 1979లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీ నగర ప్రజలు, దక్షిణాఫ్రికాతో వ్యవహారమున్న బ్యాంకులలో నగరపు సొమ్ము ఉంచరాదని ఓటు ద్వారా నిర్ణయించారు. 1967లో 31 ఏళ్ల వయస్సులో అదే నగర కౌన్సిల్‌కు ఎన్నికైన రాన్ డెల్లమ్స్ అప్పటికే అమెరికా పార్లమెంటు సభ్యుడై, 1972 నుండి దక్షిణాఫ్రికాపై ఆర్థిక ఆంక్షల కోసం ప్రతిపాదనలు తెస్తున్నారు.

బోస్టన్‌లో యాన్సీ

బోస్టన్ పరిసరాలకు ఈ పోరాటం కొత్తది కాదు. పొరుగున ఉన్న కేంబ్రిడ్జిలో పోలరాయిడ్ అనే కెమెరా సంస్థ ఉండేది. తాము తయారుచేస్తున్న తక్షణ ఛాయాచిత్ర పరికరాలు దక్షిణాఫ్రికాలో నల్లవారి గుర్తింపు పుస్తకాలకు ఉపయోగపడుతున్నాయని 1970లో ఆ సంస్థలోనే పనిచేస్తున్న కారొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే నల్లజాతి ఉద్యోగులు కనిపెట్టి ఉద్యమం లేవదీశారు. 1977లో పోలరాయిడ్ ఆ దేశం నుండి వైదొలగింది. మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభలో మెల్ కింగ్ తదితరులు చేసిన కృషి ఫలితంగా, గవర్నర్ వీటోను సైతం తోసిపుచ్చి, 1983 జనవరిలో రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధులను దక్షిణాఫ్రికా సంబంధమున్న సంస్థల నుండి ఉపసంహరించే చట్టం వచ్చింది.

అదే సంవత్సరం బోస్టన్ నగర రాజకీయాలలో పెద్ద మార్పు జరిగింది. అంతవరకు నగరమంతటికీ కలిపి ఎన్నుకునే పద్ధతి ఉండడం వల్ల నల్లవారు కౌన్సిల్‌కు ఎన్నిక కావడం దుర్లభంగా ఉండేది. 1983 ఎన్నికల నుండి 13 స్థానాలలో తొమ్మిదింటిని వార్డుల వారీగా విభజించారు. ఆ ఎన్నికలలో మెల్ కింగ్ మేయర్ పదవికి తుది పోటీ వరకు వచ్చి రేమండ్ ఫ్లిన్ చేతిలో ఓడిపోయారు. నల్లజాతి కుటుంబాలు అధికంగా నివసించే డార్‌చెస్టర్, మాటపాన్ పేటలతో కూడిన నాలుగో వార్డు నుండి యాన్సీ గెలిచి, 1984 జనవరిలో ప్రమాణ స్వీకారం చేశారు.

ఆ పేటల వారికి బ్యాంకులతో పాత చిక్కులున్నాయి. నల్లవారు నివసించే వీధులకు ఇంటి అప్పులు నిరాకరించడం, లేదా బ్యాంకులు తాము గీసిన గీత లోపల మాత్రమే వారికి అప్పులివ్వడం బోస్టన్ చరిత్రలో నమోదైన విషయమే. 1989లో, మళ్లీ 1992లో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు జరిపిన అధ్యయనాలు సైతం ఇంటి అప్పుల మంజూరులో జాతిభేదం ఉన్నదని తేల్చాయి. తన వీధిలో ఇల్లు కట్టుకోవడానికి అప్పు పుట్టని మనిషి చెల్లించిన పన్ను, బ్యాంకు ద్వారా నల్లవారిని అణచే ప్రభుత్వానికి అప్పుగా చేరడమన్నది ఆ ప్రజలకు సులభంగా అర్థమయ్యే అన్యాయం.

యాన్సీ రూపొందించిన ప్రతిపాదన సారాంశం సరళమైనది. దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేస్తున్న సంస్థలలో, ఆ దేశానికి అప్పులిస్తున్న బ్యాంకులలో నగరపు సొమ్ము ఉండరాదు. ఇంతకుముందే ఉన్నట్లయితే దాన్ని తీసివేయాలి. కౌన్సిల్ దానిని ఆమోదించగా, మేయర్ ఫ్లిన్ హయాంలో 1984లో అది చట్టమైంది. అమెరికాలోని పెద్ద నగరాలలో తొలుదొలుత ఈ దారి పట్టినవాటిలో బోస్టన్ ఒకటిగా నిలిచింది.

నగరపు సొమ్ము అంటే ఏది?

ఒక నగరం చేతిలో రెండు రకాల సొమ్ము ఉంటుంది. మొదటిది ఇంటిపన్ను, నీటిపన్ను, రుసుముల రూపంలో వసూలై, జీతాలకు, పనులకు ఖర్చయ్యే వరకు బ్యాంకులో నిలిచే సొమ్ము. రెండవది ఉద్యోగుల పింఛను కోసం జమచేసి, దీర్ఘకాలం షేర్లలో, బాండ్లలో మదుపుపెట్టే నిధి. మొదటిదాన్ని ఏ బ్యాంకులో ఉంచాలన్నది పాలకుల నిర్ణయం. ఇచ్చినవారికి లాభం, పోగొట్టుకున్నవారికి నష్టం. అందుచేత నగర ఖాతా కోసం బ్యాంకులు పోటీపడుతుంటాయి. యాన్సీ వంటివారు పట్టుకున్న కీలకం ఇక్కడే ఉన్నది. విదేశాంగ విధానం కేంద్ర ప్రభుత్వానిది. నగరానికి దానిలో వేలుపెట్టే అధికారం లేదు. కాని తన సొమ్మును తనకు నచ్చినచోట దాచుకొనే హక్కు నగరానికి ఉన్నది.

దీనికి అభ్యంతరాలు బలంగానే వచ్చాయి. విదేశీ వ్యవహారాలలో నగరాలు తలదూర్చరాదని కొందరన్నారు. పింఛను నిధికి రాబడి తగ్గితే రిటైరైన ఉద్యోగి నష్టపోతాడని మరికొందరన్నారు. ఈ రెండు వాదనలూ బాల్టిమోర్ నగర చట్టంపై వ్యాజ్యంలో న్యాయస్థానం ముందుకు వచ్చాయి. 1989లో మేరీలాండ్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నగరం పక్షాన తీర్పు చెప్పింది. మదుపు మార్చడం వల్ల కలిగే ఖర్చు నిధి మొత్తంతో పోలిస్తే చాలా స్వల్పమని, నగరం తన పరిధిని దాటలేదని ఆ తీర్పు సారాంశం.

మూడో అభ్యంతరం మిగిలినవాటికంటె బరువైనది. విదేశీ సొమ్ము ఆగిపోతే ముందుగా ఉపాధి పోయేది నల్ల కూలివానికే కదా అన్న ప్రశ్న అది. దక్షిణాఫ్రికా పార్లమెంటులో దీర్ఘకాలం వర్ణవివక్షను ఎదిరించిన హెలెన్ సుజ్‌మన్ సైతం ఈ కారణంతోనే ఆంక్షలను వ్యతిరేకించారు. జులూ నాయకుడు బుతెలెజీదీ అదే మాట. విదేశీ సంస్థలు అక్కడే ఉండి, నల్లవారికి సమాన వేతనం, సమాన వసతులు కల్పించాలన్న నియమావళిని 1977లో లియాన్ సల్లివన్ అనే నల్లజాతి మతగురువు ప్రతిపాదించగా అనేక అమెరికన్ సంస్థలు దానిపై సంతకం చేశాయి. మరొకవైపు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, 1984లో నోబెల్ శాంతి బహుమతి పొందిన బిషప్ డెస్మండ్ టూటూ వంటివారు ఆంక్షలనే కోరారు. తమ ప్రజలు ఎలాగూ బాధలోనే ఉన్నారని, ఆ బాధకు ఒక ముగింపు కనపడడమే ముఖ్యమని వారి వాదన. పదేళ్లు వేచి చూసిన సల్లివన్ 1987లో తన నియమావళి చాలలేదని ఒప్పుకొని, సంస్థలన్నీ ఆ దేశం విడిచి రావాలని కోరారు.

నోటు తిరగరాయని రోజు

1984లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం మిశ్రమ జాతివారికి, భారతీయులకు వేర్వేరు చట్టసభలు ఏర్పాటు చేసి, నల్లవారికి ఏమీ ఇవ్వని కొత్త రాజ్యాంగం తెచ్చింది. భారతీయుల సభకు జరిగిన ఎన్నికలలో ఓటు వేయడానికి వచ్చినవారు సుమారు అయిదోవంతు మంది మాత్రమే. నాటాల్ తెలుగువారితో సహా అత్యధికులు ఇంటిపట్టునే ఉండి ఆ ప్రలోభాన్ని తిరస్కరించారు. ఆ ఏడాది చివరికి నల్లవారి పేటలలో తిరుగుబాటు చెలరేగింది. 1985 జూలై 20న ప్రభుత్వం అనేక జిల్లాలలో అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

అప్పటికి ఆ దేశపు విదేశీ అప్పు సుమారు 2,400 కోట్ల డాలర్లు. అందులో అధిక భాగం ఏడాదిలోపు తీర్చవలసినది. ఊళ్లలో ప్రోనోటు గడువు తీరగానే వడ్డీ కట్టి, నోటు తిరగరాయించుకొని అసలును ముందుకు నెట్టుకుపోవడం అందరూ ఎరిగినదే. దక్షిణాఫ్రికా చేస్తున్నదీ అదే. నోటు తిరగరాయడానికి షావుకారు ఒప్పుకున్నంతకాలం ఇబ్బంది లేదు. 1985 జూలై 31న చేజ్ మాన్‌హట్టన్ ఇక కొత్త అప్పులివ్వబోమని, గడువు తీరిన అప్పులను తిరగరాయబోమని నిర్ణయించింది. మిగిలిన బ్యాంకులు వెంటనే అదే బాట పట్టాయి.

ఆగస్టు 15న అధ్యక్షుడు పి. డబ్ల్యు. బోతా డర్బన్‌లో చేయబోయే ప్రసంగంలో పెద్ద సంస్కరణలుంటాయని లోకం ఎదురుచూసింది. ఆయన ఏమీ ప్రకటించకపోగా ధిక్కార స్వరంతో మాట్లాడారు. ఆ దేశపు నాణెమైన ర్యాండు విలువ కొద్ది రోజులలోనే కుప్పకూలింది. ఆగస్టు 27న ద్రవ్య మారక విపణిని, షేర్ మార్కెట్టును మూసివేశారు. రిజర్వు బ్యాంకు గవర్నరు గెర్హార్డ్ డి కాక్ అప్పు గడువు కోసం విదేశీ బ్యాంకుల గడప గడపకూ తిరిగినా ఫలితం లేకపోయింది. సెప్టెంబరు 1న సుమారు 1,400 కోట్ల డాలర్ల అప్పు అసలు చెల్లింపులను నిలిపివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. అంటే దివాలా అంచున నిలబడ్డట్లే.

ఆ తర్వాత సంఘటనలు వేగంగా జరిగాయి. 1986 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్ వీటోను పార్లమెంటు ఉభయసభలూ తోసిపుచ్చి, కొత్త పెట్టుబడులను, ప్రభుత్వానికి అప్పులను నిషేధించే సమగ్ర వర్ణవివక్ష వ్యతిరేక చట్టాన్ని చేశాయి. డెల్లమ్స్ పదునాలుగేళ్ల కృషి అందులో ఉన్నది. అదే ఏడాది నవంబరులో బార్‌క్లేస్, 1987లో సిటీబ్యాంకు, స్టాండర్డ్ చార్టర్డ్ దక్షిణాఫ్రికాలోని తమ వాటాలను అమ్ముకొని బయటికి వచ్చాయి. 1980ల చివరికి అమెరికాలో 26 రాష్ట్రాలు, 90కి పైగా నగరాలు ఏదో ఒక రూపంలో బోస్టన్ దారినే నడిచాయి.

ఎవరి వల్ల ఎంత?

ఈ విజయాన్ని నగర కౌన్సిళ్లకే అంటగట్టడం సత్యదూరమవుతుంది. చేజ్ మాన్‌హట్టన్ వెనుకాడినది అప్పు మునిగిపోతుందన్న భయంతోనే. ఆ భయాన్ని పుట్టించినవారు ప్రాణాలకు తెగించి వీధులలో నిలబడిన దక్షిణాఫ్రికా ప్రజలు. బోస్టన్ నగర నిధి మొత్తాన్ని లెక్కించినా 2,400 కోట్ల డాలర్ల అప్పు పక్కన అది గింజ పాటిది. షేర్ల ఉపసంహరణ వల్ల సంస్థల షేరు విలువలు పెద్దగా తగ్గలేదని 1999లో వెలువడిన ఆర్థిక శాస్త్ర అధ్యయనం కూడా చూపింది. ఒకరు అమ్మిన షేరును మరొకరు కొంటారు కనుక అందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఐతే బ్యాంకు లెక్క వేరు. దక్షిణాఫ్రికా అప్పుపై వచ్చే వడ్డీ లాభం ఒక చేతిలో, ఆ అప్పు కారణంగా ఇంటివద్ద పోగొట్టుకునే ఖాతాలు, గుత్త పనులు, మంచిపేరు మరొక చేతిలో పెట్టుకొని బ్యాంకు తూచుకోవలసి వచ్చింది. దక్షిణాఫ్రికా వ్యాపారం చాలా బ్యాంకులకు మొత్తంలో చిన్న భాగమే. చిన్న లాభం కోసం వాకిట నిత్యం ధర్నాలు, నగర సభలో నిత్యం చర్చలు భరించడం వృథా శ్రమ అన్న భావన క్రమంగా స్థిరపడింది. 1985లో ప్రమాద సూచన కనపడగానే ఆ బ్యాంకులు వెంటనే తలుపు మూయడానికి ఈ పూర్వరంగం తోడ్పడింది. 1960లో షార్ప్‌విల్ తర్వాత ఆదుకున్న బ్యాంకులే పాతికేళ్లకు ఆదుకోలేదు. ఈ తేడా తీసుకురావడంలో ఖాతా మూసిన విద్యార్థికి, చర్చి కోశాధికారికి, చట్టం రాసిన కౌన్సిలర్‌కు తలో పాలు ఉన్నది. గడ్డిపోచలన్నీ కలిపి పేనితే ఏనుగును కట్టే మోకు అవుతుందన్న సామెత ఇక్కడ సరిపోతుంది.

ఈ విషయంలో భారతదేశం అందరికంటె ముందే అడుగు వేసింది. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే, 1946లో, దక్షిణాఫ్రికా భారతీయులపై తెచ్చిన భూ చట్టానికి నిరసనగా ఆ దేశంతో వాణిజ్యాన్ని తెంచుకుంది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం ఇదే. నాటాల్‌కు పోయిన కూలీల మనుమల గౌరవం ఆ నిర్ణయానికి మూలం.

తర్వాతి కథ

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా 27 ఏళ్ల నిర్బంధం నుండి విడుదలయ్యారు. అదే ఏడాది జూన్ 23న ఆయన బోస్టన్‌కు వచ్చినప్పుడు చార్లెస్ నది ఒడ్డున పెద్ద జనసందోహం స్వాగతం పలికింది. ఆంక్షలు ఎత్తివేయవచ్చునని 1993 సెప్టెంబరు 24న ఐక్యరాజ్య సమితిలో మండేలా స్వయంగా ప్రకటించగా, రాష్ట్రాలు, నగరాలు తమ నిషేధాలను ఒక్కొక్కటిగా రద్దు చేసుకున్నాయి. 1994 ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికలలో నల్లవారితో పాటు తెలుగు సంతతి వారూ మిగిలిన భారతీయులూ సమాన పౌరులుగా తొలిసారి ఓటు వేశారు. యాన్సీ 2015 ఎన్నికలలో ఓడిపోయేవరకు, సుమారు 32 ఏళ్లపాటు అదే వార్డుకు ప్రాతినిధ్యం వహించారు.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. వర్ణవివక్ష ప్రభుత్వం చేసిన అప్పులు కొత్త ప్రభుత్వం నెత్తిన పడ్డాయి. తమను అణచడానికి తీసుకున్న అప్పును అణచబడినవారే తీర్చడం ఏమి న్యాయమని ఆర్చిబిషప్ ఎన్‌డుంగానే వంటివారు ప్రశ్నించినా, కొత్త ప్రభుత్వం ఆ బాకీలను తీర్చడానికే ఒప్పుకున్నది. 1986లో తలవంచుకొని వెళ్లిన బార్‌క్లేస్ 2005లో అక్కడి అబ్సా బ్యాంకులో అధిక వాటా కొని మళ్లీ ప్రవేశించింది. 2016 తర్వాత మరల ఆ వాటాను తగ్గించుకుంది. బ్యాంకు లాభం ఉన్నచోటికి పోతుంది. అది ఎక్కడికి పోతున్నదో కనిపెట్టి అడగవలసిన పని డబ్బు దాచుకున్నవారిదే.

గ్రామ పంచాయతీ మొదలు మహానగరం వరకు, పాలు పోసే రైతుల సంఘం మొదలు పొదుపు మహిళల సంఘం వరకు, ఉమ్మడి సొమ్ము ఉన్న ప్రతి చోటా అది ఏదో ఒక బ్యాంకులో జమ అవుతూనే ఉంటుంది. ఆ బ్యాంకు ఎవరికి అప్పులిస్తున్నది, తమ ఊరి రైతుకు, చేతిపనివానికి ఇస్తున్నదా లేదా అని వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు లేచి అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు. నలభై ఏళ్ల కిందట బోస్టన్‌లో ఒక కొత్త కౌన్సిలర్ అడిగిన ప్రశ్న కూడా స్వభావంలో అంత చిన్నదే.